టిబెట్ తివాచీ: కడ్డీ మీద ముడి, అడుగుల మీద కూలి

టిబెట్ శరణార్థుల తివాచీ నేత గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్న కింద కలిపాం.

ప్రశ్న: చలికాలం వచ్చిందంటే మా ఊళ్లో టిబెట్ వాళ్లు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. అవి వాళ్లు అల్లినవేనా? తివాచీలు కూడా నేస్తారని విన్నాను. మరి అవి ఇక్కడ ఎందుకు అమ్మరు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఆ స్వెట్టర్లలో చాలా భాగం లుధియానా మిల్లుల సరుకు. సీజన్ ముందు అక్కడి హోల్‌సేల్ వ్యాపారుల దగ్గర తెచ్చుకుని, చలికాలమంతా మన ఊళ్లలో అమ్ముకుని వెళతారు. అది కొని అమ్మే వ్యాపారం. తివాచీ అలా కాదు, మొదటి నుంచి చివరి దాకా చేతిపని. ఒక్కోదాని మీద నెల రోజుల కూలి ఉంటుంది కాబట్టి రోడ్డు పక్క దుకాణంలో బేరం కుదరదు. అందుకే అవి సెటిల్‌మెంట్లలోని (శరణార్థుల పునరావాస కాలనీల్లోని) నేత కేంద్రాల్లో, ఆర్డర్ల మీద, ఎగుమతుల ద్వారా అమ్ముడవుతాయి.

శరణార్థులకు ఇది జీవనోపాధి ఎలా అయిందో తెలియాలంటే 1959కి వెళ్లాలి. దలైలామా భారత్‌కు వచ్చాక ఆయన వెంట సుమారు 80 వేల మంది సరిహద్దు దాటారు. భాష రాదు, భూమి లేదు. చాలామందికి మొదట దొరికిన పని హిమాలయాల్లో రోడ్లు వేసే కూలి పని. ఆ స్థితిలో వాళ్ల వెంట వచ్చిన ఆస్తి చేతిలోని విద్య ఒక్కటే. టిబెట్‌లో తివాచీ గోడకు తగిలించే వస్తువు కాదు. పడుకోవడానికి ఆరడుగుల ఖాదెన్, కూర్చోవడానికి చతురస్రపు ఆసనం, గుర్రం జీను కిందికీ పైకీ ఒకటి, ఇలా రోజూ వాడేది. గ్యాంట్సే పట్టణం ఈ నేతకు పెట్టింది పేరు.

1959 అక్టోబరు 2న డార్జిలింగ్‌లో టిబెటన్ రెఫ్యూజీ సెల్ఫ్ హెల్ప్ సెంటర్ మొదలైంది. 1960లో నేపాల్‌లో, ఖాట్మండు పక్కనున్న లలిత్‌పూర్‌లోని జావలాఖేల్‌లో స్విస్ సాయంతో ఇంకో కేంద్రం వచ్చింది. తర్వాత ధర్మశాల, కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్, ఛత్తీస్‌గఢ్‌లోని మైన్‌పాట్, ఒడిశాలోని చంద్రగిరి లాంటి సెటిల్‌మెంట్లలోనూ మగ్గాలు వెలిశాయి. దక్షిణాది సెటిల్‌మెంట్లలో వ్యవసాయం వర్షాధారం, ముఖ్యంగా మొక్కజొన్న. పొలం పని లేని నెలల్లో చేతికి డబ్బు తెచ్చిపెట్టింది ఈ మగ్గమే. పిల్లలను చూసుకుంటూ, ఇంటికి దగ్గర్లోనే చేసుకునే పని కాబట్టి ఆడవాళ్లే ఎక్కువగా కూర్చున్నారు.

ఉన్ని దగ్గర మాత్రం పెద్ద దెబ్బ తగిలింది. టిబెట్ పీఠభూమి గొర్రెల ఉన్నికి పోగు పొడవు, సహజమైన జిడ్డు ఎక్కువ. అది డార్జిలింగ్ దగ్గరి కలింపాంగ్ మీదుగా మన దేశంలోకి దిగేది. 1962 యుద్ధంతో ఆ వర్తకం మూతపడింది. ఆ తర్వాత భారత్‌లో బికనీర్ ఉన్ని, న్యూజిలాండ్ ఉన్ని కలిపి వాడటం అలవాటైంది. నేపాల్‌లో టిబెట్ ఉన్నికి న్యూజిలాండ్ ఉన్ని కలుపుతారు.

ప్రశ్న: మాది ఏలూరు. మా తివాచీలు నాకు తెలుసు. టిబెట్ నేతలో ముడి వేసే పద్ధతే వేరంటారు. మగ్గం ఎలా ఉంటుంది, ఏ పని తర్వాత ఏ పనో వివరంగా చెప్పండి.
– ఒక పాఠకుడు, ఏలూరు

ఏలూరులో ఒక్కో ముడి విడిగా వేసి, ఊలు పోగును అక్కడికక్కడే కోసి, పక్క ముడికి వెళతారు. టిబెట్ పద్ధతిలో ముడిముడికీ కోత ఉండదు. మధ్యలో ఒక కడ్డీ ఉంటుంది, నేత అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మగ్గం సంగతి. నిలువుగా నిలబెట్టిన చెక్క చట్రం, పైనొక దూలం, కిందొక దూలం. పడుగును (నిలువు పోగులను) ఈ రెండింటి చుట్టూ తిప్పి, ఒక సన్నటి కర్ర దగ్గర మలిపి మళ్లీ వెనక్కు నడుపుతారు. అలా పడుగంతా ఒక వలయమవుతుంది. నేసిన భాగాన్ని కిందికి లాగితే అది మగ్గం వెనక వైపుకు జరిగిపోతుంది. అందువల్ల నేసే చోటు ఎప్పుడూ చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది, నేసేవాళ్లు లేచి పైకి జరగాల్సిన పని లేదు. తివాచీ అయిపోయాక ఆ కర్ర లాగేస్తే వలయం విడిపోతుంది. బిగువు తగ్గితే దూలాల దగ్గర చెక్క ముక్కలు దూర్చి కొడతారు. పడుగు, పేక (అడ్డపోగు) పాత రోజుల్లో ఊలే. ఇప్పుడు నూలు వాడతారు, అది సాగదు.

60 ముళ్ల తివాచీ లెక్క తీసుకుందాం. 60 అంటే చదరపు అంగుళంలో ముళ్లు. అడ్డంగా అంగుళానికి 8, నిలువుగా ఏడున్నర వరుసలు వస్తే 60. ఒక్కో ముడికి రెండు పడుగు పోగులు కావాలి కనుక అంగుళానికి 16 పోగులు, మూడడుగుల వెడల్పుకు 576 పోగులు. ఇవన్నీ ఒకే బిగువుతో ఉండాలి. చేత్తో మీటి చూసి వదులుగా ఉన్నవాటిని అప్పుడే సరిచేయాలి, నేత మొదలయ్యాక ఇక వాటి జోలికి పోలేం.

మొదట అంచు కోసం ఊలు లేకుండా ఒకటి రెండు అంగుళాలు పేకతో గట్టిగా నేస్తారు. తర్వాత కడ్డీని పడుగు ముందు అడ్డంగా పట్టుకుంటారు. ఊలు పోగును రెండు పడుగు పోగుల చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి, కడ్డీ మీదుగా చుట్టి, పక్క జతకు వెళతారు. రంగు మారేదాకా పోగు తెంపకుండా అలాగే సాగిపోతారు. రంగు మారిన చోట ఆ పోగు ఆపి కొత్త రంగు అందుకుంటారు. వరుస పూర్తయ్యేసరికి కడ్డీ నిండా ఊలు చుట్లు ఉంటాయి. కడ్డీ మీద సుత్తితో కొట్టి వరుసను కిందికి దించుతారు. పడుగును ముందుకూ వెనక్కూ మార్చే కర్రతో విడదీసి, పేకను అటొకసారి ఇటొకసారి వేసి ఇనప దువ్వెనతో దిగ్గొడతారు. కత్తిని కడ్డీ వెంట నడిపితే చుట్లన్నీ ఒక్కసారిగా తెగి, కడ్డీ చేతిలోకి వస్తుంది. ఒక్కో చుట్టు రెండు సగాలై చెరో పక్క ముడికి కుచ్చుగా నిలబడుతుంది.

కుచ్చు ఎత్తును నిర్ణయించేది కడ్డీ మందం. 8 మిల్లీమీటర్ల కడ్డీ చుట్టుకొలత సుమారు 25 మిల్లీమీటర్లు, కోశాక కుచ్చు అందులో సగం, అంటే 12 మిల్లీమీటర్ల పైచిలుకు. చివర్లో కత్తిరింపుకు ఇందులోనే కొంత పోతుంది. మూడడుగులకు ఆరడుగుల తివాచీకి 2,592 చదరపు అంగుళాలు, 60 చొప్పున 1,55,520 ముళ్లు. చుట్టుకు 25, పడుగు చుట్టూ తిరగడానికి 10 మిల్లీమీటర్లు అనుకుంటే కుచ్చుకే దాదాపు 5.4 కిలోమీటర్ల ఊలు పోగు. తెగిపోయేదీ మిగిలిపోయేదీ కలుపుకుని ఆరు కిలోమీటర్లకు పైగా సిద్ధం చేసుకోవాలి.

ఆ ఊలంతా ఒకే దఫాలో రంగు వేసుకోవాలి. సగంలో నీలం అయిపోయి మళ్లీ వేస్తే, అదే పొడి, అదే కొలత అయినా, ఛాయ తేడా వస్తుంది. ఆమ్ల రంగులు (ఆమ్లంతో ఊలుకు పట్టే రసాయన రంగులు) వేసేటప్పుడు కిలో ఊలుకు 25 నుంచి 30 లీటర్ల నీళ్లు పడతాయి. తడిపిన ఊలు చిలపలను (పోగు కట్టలను) గోరువెచ్చని నీళ్లలో వేసి, ముప్పావు గంటలో నెమ్మదిగా మరిగే దాకా తేవాలి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. మరిగే నీళ్లలోంచి తీసి చన్నీళ్లలో ముంచితే ఊలు ముద్ద కట్టుకుపోతుంది. వేడి వేడిగా కర్రతో కలియబెట్టినా అంతే. పాత రంగులు మంజిష్ఠ, నీలిమందు, లక్క, అక్రోటు తొక్కల నుంచి వచ్చేవి. ఇప్పటికీ కొన్ని కేంద్రాలు ఆర్డరు మీద అవి వేస్తాయి.

తప్పులు ఎక్కడ వస్తాయంటారా? అన్నింటికన్నా తరచుగా వచ్చేది నడుము పట్టడం. పేకను చివర్ల దగ్గర గట్టిగా లాగితే తివాచీ మధ్యలో సన్నబడుతుంది. పేకను పడుగులో కాస్త వంపుగా వదిలి దువ్వెనతో కొడితే ఆ వంపు సర్దుకుంటుంది. ప్రతి నాలుగంగుళాలకూ వెడల్పు కొలుచుకోవాలి. రెండోది, దెబ్బలో తేడా. ఉదయం గట్టిగా, సాయంత్రం అలసిపోయి మెల్లగా కొడితే అంగుళానికి వరుసల సంఖ్య మారి, గుండ్రటి తామర కోలగా వస్తుంది. ఇద్దరు కలిసి నేసే వెడల్పాటి తివాచీలో ఇది ఇంకా ఎక్కువ. కడ్డీ వంగి ఉంటే కుచ్చు ఎగుడుదిగుడుగా వస్తుంది. కత్తి కడ్డీ మధ్య గీతలో నడవకపోతే చుట్టు సమానంగా తెగక ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి అవుతాయి. ఇది కత్తిరింపులో కొంత సరిపోతుంది, కానీ ఊలు వృథా.

మగ్గం దించాక కత్తెరతో మట్టం చేస్తారు. తర్వాత పువ్వు, మేఘం, డ్రాగన్ చుట్టూ గీత వెంట కత్తెర ఏటవాలుగా పెట్టి సన్నటి గాడి తీస్తారు. దాంతో బొమ్మ పైకి లేచినట్టు కనిపిస్తుంది. టిబెట్ తివాచీ అందం సగం ఈ గాడిలోనే ఉంది. చెయ్యి తిరిగినవాళ్లకే ఈ పని ఇస్తారు. గాడి లోతైతే అడుగున పడుగు బయటపడుతుంది, మళ్లీ సరిచేసే మార్గం లేదు.

కడ్డీ పద్ధతికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, చుట్టే కదలిక కొద్ది వారాల్లో చేతికొస్తుంది, ఒకే రంగు నేల మీద వేగంగా సాగుతుంది. చేతిలో ఏమీ లేని మనిషికి త్వరగా కూలి మొదలయ్యే నేత ఇది. శరణార్థుల శిబిరాల్లో ఇది నిలదొక్కుకోవడానికి ఈ వేగం పెద్ద కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: కూర్గ్ వెళ్తూ దారిలో ఒక దుకాణంలో టిబెట్ తివాచీ చూశాం. ‘100 ముళ్లు, అసలు చేనేత’ అన్నారు. నిజమో కాదో కొనే ముందు ఎలా తెలుసుకోవాలి? ధర న్యాయమైనదేనా అని ఎలా లెక్కేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

ముందు తిరగేయండి. వెనక గుడ్డ అంటించి ఉంటే, రబ్బరు వాసన వస్తే అది తుపాకీ లాంటి యంత్రంతో ఊలును గుడ్డలోకి గుచ్చి జిగురుతో నిలబెట్టినది, ముడి వేసింది కాదు. కొన్నేళ్లకు జిగురు పొడిపొడిగా రాలిపోతుంది. ముడి వేసిన తివాచీ వెనక వైపూ బొమ్మ స్పష్టంగా కనబడాలి, చివర వేలాడే కుచ్చులు పడుగు పోగుల కొసలే కావాలి, విడిగా కుట్టినవి కాకూడదు.

తర్వాత వెనక వైపు స్కేలు పెట్టి అడ్డంగా అంగుళంలో ఎన్ని, నిలువుగా ఎన్ని అని లెక్కపెట్టి గుణించండి. మూడు చోట్ల చూడండి. 10, 10 వస్తేనే 100. పక్క నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడవచ్చు. ఊలైతే కాలిన వెంట్రుక వాసన వచ్చి, మంట ఆరిపోయి, వేళ్ల మధ్య బూడిదవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. తడిపి పిండిన తెల్ల గుడ్డతో ఎరుపు, ముదురు నీలం మీద రుద్దండి, రంగు అంటితే వద్దు.

ధర లెక్క ఇలా. రోజుకు 6 వేల ముళ్లు వేసే మనిషికి మూడు, ఆరడుగుల తివాచీ 60 ముళ్లలో 26 రోజులు, 80లో 35, 100లో 43 రోజులు. రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే 60 ముళ్ల దానికి నేత కూలే 13 వేలు. దాని మీద ఊలు, వడకడం, రంగు, కత్తిరింపు. కాబట్టి ఆ కొలత తివాచీ ఐదారు వేలకు ఇస్తామంటే అది చేత్తో ముడి వేసిందైనా కాదు, కూలి సరిగా ఇచ్చి చేయించిందైనా కాదు. బొమ్మలు ఎక్కువ ఉంటే పోగు మాటిమాటికీ మార్చాలి కనుక రోజులు ఇంకా పెరుగుతాయి.

100 ముళ్ల కోసం పట్టుబట్టకండి. ముళ్ల సంఖ్య పెరిగితేనే మంచి తివాచీ అన్నది ఇరాన్ తివాచీలకు సరిపోయే కొలమానం. టిబెట్ తివాచీ పుట్టిందే మందంగా, మెత్తగా, చలికి ఒళ్లు దాచుకునేలా. మంచి ఊలు, చేత్తో వడికిన పోగు, శుభ్రమైన కత్తిరింపు ఉన్న 60 ముళ్లది నాసిరకం ఊలుతో నేసిన 100 ముళ్ల దానికంటే ఎక్కువ కాలం మన్నుతుంది. వీలైతే సెటిల్‌మెంట్‌లోని సహకార సంఘం కేంద్రంలోనే కొనండి. మగ్గాలు కళ్లెదుటే ఉంటాయి, అడిగితే నేసినవాళ్లను చూపిస్తారు.

ప్రశ్న: తివాచీల మీద బాల కార్మికులు లేరని చెప్పే గుర్తు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

ఉంది. 1994లో కైలాశ్ సత్యార్థి చొరవతో రగ్‌మార్క్ మొదలైంది, 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. తివాచీ వెనక నంబరున్న లేబుల్ ఉంటుంది, చెప్పకుండా వచ్చి మగ్గాలు తనిఖీ చేస్తారు. నేపాల్ తివాచీలకూ ఇది వర్తిస్తుంది. అయితే చిన్న సహకార కేంద్రాల సరుకుకు లేబుల్ లేనంత మాత్రాన అనుమానించనక్కర్లేదు, లేబుల్ ఎక్కువగా ఎగుమతిదారుల వ్యవహారం.

ప్రశ్న: మా ఊరు ఒడిశా సరిహద్దులో ఉంది. చంద్రగిరి టిబెట్ వాళ్ల దగ్గర నేర్చుకుని మా మహిళా సంఘం మగ్గాలు పెట్టుకోవచ్చా? అసలు వాళ్లలోనే నేసేవాళ్లు తగ్గిపోతున్నారని విన్నాం, ఎందుకని?
– ఒక సంఘం నాయకురాలు, శ్రీకాకుళం జిల్లా

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం, మొదటిదానికి అదే దారి చూపిస్తుంది.

నేపాల్‌లో 1964లో స్విట్జర్లాండ్‌కు మొదటి ఎగుమతి జరిగింది. 1990ల మొదట్లో తివాచీ ఆ దేశానికి విదేశీ మారకం తెచ్చే ప్రధాన సరుకైంది, ఎక్కువ భాగం జర్మనీకే పోయేది. గిరాకీ అంత వేగంగా పెరిగేసరికి శరణార్థుల మగ్గాలు చాలలేదు. ఖాట్మండు లోయలో వందలాది ఫ్యాక్టరీలు లేచాయి, వాటిలో నేసిందంతా దాదాపు నేపాలీలే. ధర కోసం ఊలు తగ్గించారు, పిల్లలను కూర్చోబెట్టారు, కడిగిన రసాయనాల నీళ్లు నదిలోకి వదిలారు. బాల కార్మికుల వార్తలు జర్మనీలో వచ్చాక, అక్కడ అజో అనే రసాయన రంగుల్లో కొన్నింటిని నిషేధించాక, 1990ల మధ్య నుంచి ఆర్డర్లు పడిపోయాయి. ఒకే దేశపు కొనుగోలు మీద ఆధారపడ్డ ఫలితం అది. పైగా నేపాల్‌లోని చాలామంది టిబెటన్లకు శరణార్థి గుర్తింపు కార్డు లేదు. కార్డు లేకపోతే తమ పేరు మీద వ్యాపారం పెట్టుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం కష్టం.

మన దేశంలో కారణం వేరు. చదువుకున్న పిల్లలు నర్సింగ్, హోటళ్లు, కాల్ సెంటర్లు, విదేశాల వైపు వెళ్లారు. మూడు నెలల స్వెట్టర్ల వ్యాపారంలో మిగిలేది ఏడాదంతా మగ్గం మీద కూర్చుంటే రాదు. కూలి గంటకు కాదు, నేసిన చదరపు అడుగుకు. ఒంట్లో బాగుండక కూర్చోకపోతే ఆ రోజు లేదు. చూపు, నడుము, మోకాళ్లు దెబ్బతింటాయి. మగ్గాల దగ్గర ఇప్పుడు ఎక్కువగా కనబడేది పెద్ద వయసు ఆడవాళ్లే. ఈ విద్య పోతే బాధ్యత పిల్లలది కాదు, అడుగుకు ఇంత అని కూలి కట్టే ధర చాలనందువల్ల పోతుంది.

ఇక మీ సంఘం సంగతి. చంద్రగిరి సెటిల్‌మెంట్ 1963 నుంచి మీ పొరుగున గజపతి జిల్లాలోనే ఉంది. వెళ్లి వారం రోజులు కూర్చుని చూసి రండి. నేర్చుకోవడం కష్టం కాదు. అమ్ముకోవడమే కష్టం. కొనేవాళ్లెవరో తేలకుండా పది మగ్గాలు పెట్టకండి. రెండు మగ్గాలు, నలుగురు మనుషులతో మొదలుపెట్టండి. ఆరడుగులది కాకుండా రెండడుగుల చతురస్రపు ఆసనాలు నేయండి. 60 ముళ్లలో ఒక్కోదానికి 34,560 ముళ్లు, చెయ్యి తిరిగినవాళ్లకు ఆరు రోజుల పని, నేర్చుకునేవాళ్లకు రెండింతలు. తప్పు పోయినా నష్టం చిన్నది, డబ్బు త్వరగా తిరుగుతుంది. ఊలు రంగు వేసిందే కొనండి, మొదటి ఏడాది రంగుల గిన్నెల జోలికి పోవద్దు. కూలి అడుగుకు కట్టినా, శిక్షణ నెలల్లో మాత్రం రోజు కూలి ఇవ్వండి. లేకపోతే మొదటి నెలలోనే సగం మంది మానేస్తారు. డ్రాగన్లు, తామరలే కాకుండా మీ ప్రాంతపు ముగ్గులు గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటే మీదంటూ ఒక సరుకు ఉంటుంది. వాళ్ల బొమ్మలు మీరు నేసి ‘టిబెట్ తివాచీ’ అని అమ్మడం న్యాయం కాదు, ఆ పేరు మీదే బతికేవాళ్లు పక్క కొండ మీద ఉన్నారు.

ప్రశ్న: మా ఇంట్లో టిబెట్ తివాచీ ఉంది. సముద్రం పక్క ఊరు, వానాకాలం తేమ. ఊలు రాలుతోంది, పురుగు పడుతుందేమోనని భయం. ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

కొత్తదైతే కొన్ని నెలలు ఊలు రాలడం మామూలే, పొట్టి పోగులు బయటికి వస్తాయి. వారానికోసారి కుచ్చు వాలిన దిశలోనే వాక్యూమ్ పెట్టండి, తిరిగే బ్రష్ తీసేసి. వాన తెరిపి ఇచ్చిన రోజు బోర్లా వేసి గంట రెండు గంటలు ఎండ తగలనివ్వండి, రంగు వైపు ఎక్కువసేపు ఎండలో ఉంచితే వెలిసిపోతుంది. పురుగు చీకట్లో, కదలని చోట పడుతుంది. మంచం కింద ఉన్న భాగాన్ని నెలకోసారి ఎత్తి దులపండి. దాచేటప్పుడు బాగా ఆరాక చుట్టండి, మడవవద్దు, మడత దగ్గర పడుగు విరుగుతుంది. నూలు గుడ్డలో చుట్టి నాఫ్తలీన్ గోళీలు పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వేస్తే లోపల చెమ్మ పట్టి పడుగు కుళ్లుతుంది. కాఫీ, పులుసు ఒలికితే వెంటనే తెల్ల గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. చాకలి సోడా, బట్టల సబ్బు పొడి, వేడి నీళ్లు ఊలును పాడుచేస్తాయి. కడగాల్సి వస్తే చన్నీళ్లు, ఊలుకు వాడే ద్రవ సబ్బు కొద్దిగా, అదీ మూల మీద పరీక్షించి రంగు దిగడం లేదని చూసుకున్నాకే.